దడులు తీసిన ఇరుగుపొరుగు

ఐరోపాలో తయారైన పాత రేడియో పెట్టెల అద్దముపై నగరముల పేర్లు వరుసగా అచ్చువేసి యుండెడివి. ముల్లును కొంచెము జరిపినచో పారిస్, మరికొంచెము జరిపినచో లక్సెంబర్గ్, ఆపై మరియొక రాజధాని. వినువాడు కుర్చీ నుండి లేవకయే ఐదారు దేశములు చుట్టి వచ్చెడివాడు. దారిలో అతనిని ఆపి కాగితములు చూపుమని అడిగినవారు లేరు. కాని ఆ మనిషియే ఇల్లు వదలి ఆ నగరములకు స్వయముగా బయలుదేరినచో, పొలిమేరల యొద్ద పాస్‌పోర్టు చేతబట్టుకొని వరుసలో నిలువవలసి వచ్చెడిది. ధ్వనికి లేని సరిహద్దు మనిషికి ఉండెను.

ఈ వ్యత్యాసమును తొలగించుటకు కొన్ని ఐరోపా దేశములు నలుబది ఏండ్ల క్రిందట పూనుకొనెను. ఆ ప్రయత్నమునకే నేడు 'షెంగెన్' అని పేరు. ఈ మాట మన ఇండ్లలోను వినవచ్చుచున్నది. జర్మనీకో ఫ్రాన్సుకో కొద్ది దినములు చూచి వచ్చుటకు పోవువారు షెంగెన్ వీసా వచ్చినదని సంతోషముతో చెప్పుదురు. షెంగెన్ దేశములలో సరిహద్దు తనిఖీలు మరల పెట్టిరని వార్తలలో వినుచుందుము. ఈ రెండును ఒకే ఏర్పాటునకు చెందిన సంగతులు. ఆ ఏర్పాటు ఎట్లు పుట్టినదో, ఎట్లు నడచుచున్నదో, ఎచ్చట చిక్కుపడినదో ఈ ప్రసంగమున వివరింప తలచితిమి.

షెంగెన్ అనునది ఒక చిన్న గ్రామము. అది లక్సెంబర్గ్ దేశమున, మోసెల్ నది ఒడ్డున, ద్రాక్షతోటల నడుమ కలదు. లక్సెంబర్గ్, ఫ్రాన్సు, జర్మనీ దేశముల పొలిమేరలు మూడును అచ్చటనే కలియును. 1985వ సంవత్సరము జూన్ 14వ తేదీన 'ప్రిన్సెస్ మారీ ఆస్ట్రిడ్' అను పడవపై ఐదు దేశముల ప్రతినిధులు కూడి ఒక ఒడంబడికపై సంతకములు చేసిరి. బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గ్, ఫ్రాన్సు, నాటి పశ్చిమ జర్మనీ ఆ ఐదు దేశములు. తమ నడుమనున్న సరిహద్దులలో మనుష్యులను ఆపి చూచు పద్ధతిని క్రమక్రమముగా మానివేయుటయే ఆ ఒడంబడిక సారాంశము. ఆ నాడు దేశాధినేత లెవ్వరును అచ్చటికి రాలేదు. ఆ సంతకములకు ఇంతటి ఫలితము కలుగునని ఊహించిన వారు కొద్దిమందియే.

ఈ పని వారికి ఏల అవసరమైనదో తెలియుటకు ఆ నేల చరిత్రను కొంచెము చూడవలెను. షెంగెన్‌కు తూర్పు దక్షిణముగా ఆల్సాస్ అను ప్రాంతము కలదు. అది 1871లో ఫ్రాన్సు నుండి జర్మనీ పాలైనది. 1918లో మరల ఫ్రాన్సుకు చేరినది. 1940లో జర్మనీ దానిని ఆక్రమించినది. 1945 నాటికి మరల ఫ్రాన్సుది అయినది. 1870లో అచ్చట పుట్టి డెబ్బదియైదేండ్లు బ్రతికిన ముసలవ్వ తన వాకిలి దాటకయే నాలుగు మారులు దేశము మారినదన్న మాట. ఆ ప్రాంతపు జనులకు సరిహద్దు అనగా యుద్ధము, కావలి, విడిపోయిన బంధువులు. అట్టి రేఖను మెత్తపరచవలెనను కోరిక వారి అనుభవము నుండియే పుట్టినది.

తక్షణ కారణము మాత్రము లారీలు. 1984వ సంవత్సరారంభమున సుంకపు ఉద్యోగుల సమ్మెల వలన ఆల్ప్స్ పర్వతముల దారులలో సరకు లారీలు దినముల తరబడి నిలిచిపోయెను. చలిలో విసిగిపోయిన లారీవారు ఫ్రాన్సులో రహదారులను అడ్డగించిరి. పండ్లు క్రుళ్లెను, కర్మాగారములకు సామగ్రి అందలేదు. ఆ జూలైలో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీలు సార్‌బ్రూకెన్ నగరమున ఒక ఒప్పందము చేసికొని, తమ సరిహద్దులో తనిఖీలను సడలించెను. మరుసటి ఏడు షెంగెన్ ఒడంబడిక దాని వెంటనే వచ్చినది. ఈ విధముగా గొప్ప ఆశయమును, లారీవారి కోపమును ఒకే దారిన నడచెను.

ఇప్పుడు మనకు పరిచయమైన ఒక పోలికతో విషయమును చూతము. ఒక వీధిలో ఐదిండ్లు వరుసగా నున్నవి. వాని పెరళ్ల నడుమ ముళ్ల దడులు కలవు. ఇరుగుపొరుగు వారు మంచి చేసికొని ఆ దడులను పీకివేసిరి. ఇక పిల్లలు ఒక పెరటి నుండి మరియొక పెరటికి ఆడుకొనుచు పోవచ్చును. బావి యొద్దకు చుట్టు తిరిగి పోనక్కరలేదు. అంతయు సుఖముగనే యున్నది. కాని దడులు తీసిన మరునాడే మూడు ప్రశ్నలు పుట్టును. మొదటిది: వీధి చివరనున్న ఇంటి తలుపు ఇప్పుడు ఐదిండ్లకును తలుపైనది, దానికి కావలి యెవరు? రెండవది: ఒక ఇంటిలో దొంగిలించిన వాడు పెరళ్ల గుండ మరియొక ఇంటికి పరుగెత్తినచో పట్టుకొను అధికార మెవరిది? మూడవది: ఆపదలో నున్న మనిషి అర్ధరాత్రి వచ్చి ఆ చివరి తలుపు తట్టినచో, అతనికి అన్నము పెట్టి చోటిచ్చు బాధ్యత ఆ ఇంటిదేనా, ఐదిండ్లదియునా?

ఐరోపా విధానమంతయు ఈ మూడు ప్రశ్నలకు వెదకిన సమాధానమే. మొదటి రెండింటికి సమాధానములు కొంతవరకు దొరకెను. మూడవది నేటికిని తెగని చిక్కుగనే యున్నది.

ఐదు సంవత్సరముల పిదప, 1990 జూన్ 19వ తేదీన, ఒడంబడికను అమలుపరచు విధమును తెలుపు మరియొక పత్రముపై సంతకములు జరిగెను. అందు 142 అధికరణములు కలవు. లోపలి దడులు తీయుటను గురించి చెప్పిన మాటలు అందు కొన్నియే. తక్కినవన్నియు బయటి సరిహద్దు కావలిని గురించి, వీసాలను గురించి, పోలీసుల సహకారమును గురించి చెప్పినవే. దడి తీసివేయుటకన్న, తీసిన పిమ్మట కలసి యుండుటకే ఎక్కువ నిబంధనలు కావలసి వచ్చెనని దీనివలన తెలియుచున్నది. 1995 మార్చి 26వ తేదీన ఆ ఐదు దేశములతో పాటు స్పెయిన్, పోర్చుగల్‌లు చేరగా, ఏడు దేశముల నడుమ తనిఖీలు నిలిచిపోయెను. 1999లో ఆమ్‌స్టర్‌డామ్ ఒడంబడిక అమలులోనికి వచ్చుటతో ఈ ఏర్పాటు యూరోపియన్ యూనియన్ అనబడు ఐరోపా సమాఖ్య చట్టములో భాగమైనది.

తరువాత వలయము విస్తరించెను. 2001లో ఉత్తర ఐరోపా దేశములు, 2007 డిసెంబరులో పోలండు, హంగేరి మున్నగు తొమ్మిది దేశములు చేరెను. 2023 జనవరిలో క్రొయేషియా చేరినది. బల్గేరియా, రుమేనియాలకు 2024 మార్చిలో విమాన, నౌకా మార్గములు తెరచి, 2025 జనవరి 1వ తేదీన భూమార్గములు కూడ తెరచిరి. దీనితో షెంగెన్ దేశముల సంఖ్య 29 అయినది. 40 కోట్లకు పైబడిన జనులు ఈ ప్రదేశమున నివసించుచున్నారు.

ఇచ్చట ఒక పొరపాటును తొలగింపవలసి యున్నది. షెంగెన్, ఐరోపా సమాఖ్య అను రెండును ఒకటే యని చాలమంది తలంతురు. సమాఖ్యలో 27 దేశములు కలవు. వానిలో ఐర్లండు, సైప్రస్‌లు తప్ప తక్కిన 25 షెంగెన్‌లో నున్నవి. సమాఖ్యలో లేని స్విట్జర్లండు, నార్వే, ఐస్లాండు, లీక్టెన్‌స్టైన్ అను నాలుగు దేశములు మాత్రము షెంగెన్‌లో చేరియున్నవి. బ్రిటన్ సమాఖ్యలో నున్న కాలమునను షెంగెన్ తనిఖీల ఏర్పాటున చేరలేదు. కావుననే లండను నగరమునకు, పారిస్ నగరమునకు మన వారు వేర్వేరు వీసాలు తీసికొనవలసి యున్నది.

మన ప్రాంతము నుండి పోవువారికి ఈ ఏర్పాటు వలన కలుగు సౌకర్యమేమి? ఒక దేశము ఇచ్చిన స్వల్పకాలిక వీసాతో సాధారణముగా 29 దేశములలోను సంచరింపవచ్చును. కాని ఏ 180 దినముల కాలమును తీసికొనినను మొత్తము 90 దినములకు మించి యుండరాదు. దినములను ఒక్కొక్క దేశమునకు వేరుగా లెక్కింపరు, అన్నింటికిని కలిపి లెక్కింతురు. దరఖాస్తును ప్రయాణములో ఎక్కువ దినములు గడపు దేశమునకు చేయవలెను. అన్ని చోట్లను సమానముగా గడపినచో మొదట అడుగిడు దేశమునకు చేయవలెను. జర్మనీలో చదువుకొను తెలుగు విద్యార్థికి ఆ దేశమిచ్చిన నివాసానుమతి పత్రమున్నచో, సెలవులలో ఇటలీకో నెదర్లాండ్సుకో పోయి వచ్చుటకు వేరు వీసా అక్కరలేదు. ఆ ప్రయాణమునకును 180 దినములలో 90 దినముల మితియే వర్తించును. అట్లని ఆ పత్రముతో మరియొక దేశమున ఉద్యోగము చేయుటకు హక్కు కలుగదు. 2024 ఏప్రిల్‌లో భారతీయుల కొరకు ఒక సడలింపు జరిగినది. గడచిన మూడేండ్లలో రెండు వీసాలు పొంది సక్రమముగా వినియోగించినవారికి రెండేండ్లు చెల్లు వీసాను, ఆ పిదప అయిదేండ్లు చెల్లు దానిని ఇచ్చుటకు వీలు కల్పించిరి. పాస్‌పోర్టు గడువు కూడ అంతవరకు ఉండవలెను.

ఇక మొదటి ప్రశ్నకు, అనగా చివరి తలుపు కావలికి, మరలుదము. గ్రీసు దీవులు, ఇటలీ తీరము, పోలండు తూర్పు అడవులు ఇప్పుడు అందరి పొలిమేరలైనవి. కావలి భారము మాత్రము మొదట ఆయా దేశములదే. వారికి తోడ్పడుటకు 2004లో 'ఫ్రాంటెక్స్' అను సంస్థను స్థాపించిరి. దాని కార్యాలయము పోలండు రాజధానియగు వార్సాలో నున్నది. 2027 నాటికి 10,000 మంది సిబ్బంది గల దళము దానికి ఉండవలెనని నిర్ణయించిరి. 2025 అక్టోబరు 12 నుండి, స్వల్పకాలము కొరకు బయటి దేశముల నుండి వచ్చువారి రాకపోకలను క్రొత్త పద్ధతిని నమోదు చేయుట ఆరంభించిరి. పాస్‌పోర్టుపై ముద్ర వేయుటకు బదులు, ముఖచిత్రమును, వేలిముద్రలను యంత్రములలో భద్రపరతురు. గడువు మీరి నిలిచిన వాని లెక్క యంత్రము తానుగా చెప్పును.

రెండవ ప్రశ్న దొంగను గురించినది. దీనికి వారు కనుగొన్న ప్రధాన సాధనము 'షెంగెన్ సమాచార వ్యవస్థ'. 1995లోనే అది పని ప్రారంభించినది. వెదకబడుచున్న నేరస్థులు, తప్పిపోయిన పిల్లలు, దొంగిలింపబడిన వాహనములు, దేశములోనికి రానీయగూడని వ్యక్తులు, వీరిని గూర్చిన వివరములను ఒక దేశపు పోలీసులు అందు వ్రాసినచో తక్కిన దేశముల పోలీసులు వెంటనే చూడగలరు. కంటి యెదుట నేరము చేసి పారిపోవు వానిని కొన్ని నియమములకు లోబడి పొరుగు దేశములోనికి కూడ తరుముకొని పోవచ్చును. 1999 నుండి హేగ్ నగరమున 'యూరోపోల్' అను పోలీసు సహకార సంస్థ పూర్తిగా పని చేయుచున్నది. 2004 జనవరి నుండి సమాఖ్య దేశముల నడుమ 'ఐరోపా అరెస్టు వారంటు' అమలులోనికి వచ్చినది. పూర్వము ఒక నేరస్థుని అప్పగించుటకు మంత్రుల నడుమ ఏండ్ల తరబడి ఉత్తరములు నడచెడివి. ఇప్పుడు న్యాయస్థానములు తమలో తామే, సాధారణముగా 60 దినములలో, నిర్ణయించుచున్నవి.

ఈ సాధనములకును లోపములు కలవు. 2015 నవంబరు 13వ తేదీ రాత్రి పారిస్ నగరమున జరిగిన దాడులలో 130 మంది మరణించిరి. దాడిచేసిన వారిలో పలువురు బెల్జియములో సన్నాహములు చేసికొని వచ్చినవారు. ఆ ముఠాలో బ్రతికి బయటపడిన ఒకడు మరునాటి ఉదయము కారులో బెల్జియమునకు పోవుచుండగా ఫ్రాన్సు పోలీసులు ఆపి, కాగితములు చూచి, విడిచిపెట్టిరి. అప్పటికి తనిఖీ పెట్టియుండిరి. పోలీసు అక్కడనే యుండెను. కాని ఆ మనిషి యెవరో తెలుపవలసిన సమాచారము సకాలమున ఆ పోలీసు చేతికి అందలేదు. దడి యున్నంత మాత్రమున దొంగ దొరకడనియు, పొరుగువాడు తనకు తెలిసినది చెప్పినపుడే దొరకుననియు ఈ ఉదంతము నేర్పుచున్నది. దాని తరువాత ఆ వ్యవస్థలో ఉగ్రవాదులను గూర్చిన వివరములను తప్పక నమోదు చేయవలెనని నియమము చేసిరి.

మూడవ ప్రశ్న అన్నింటికన్న కఠినమైనది. ప్రాణభయముతో వచ్చి శరణు వేడువానిని, అతడు హింసకు గురియగు చోటికి తిరిగి పంపరాదని 1951 నాటి జెనీవా శరణార్థుల ఒడంబడిక శాసించుచున్నది. ఐరోపా దేశములన్నియు దానికి కట్టుబడినవి. రెండవ ప్రపంచ యుద్ధమున తమ నేలపైననే లక్షల జనులు నిలువనీడ లేక తిరుగుట చూచి వారు చేసికొన్న ప్రతిజ్ఞ అది. కాని శరణు వేడినవాని అర్జీని 29 దేశములలో ఎవరు విచారింపవలెను? దీనికి 1990లో డబ్లిన్ నగరమున ఒక సూత్రము ఏర్పరచిరి. కుటుంబసభ్యు లెవరైన ఒక దేశమున నున్నచో ముందు దానిని చూడవలెను. వీసా ఇచ్చిన దేశమున్నచో దానిని చూడవలెను. ఇట్టివేవియు లేనిచో, అతడు అనుమతి లేకుండ మొదట అడుగిడిన దేశమే బాధ్యత వహింపవలెను. వేలిముద్రలను పోల్చి చూచుటకు 2003లో 'యూరోడాక్' అను నమోదును ఆరంభించిరి.

ఈ సూత్రము కాగితముపై సులభముగా కన్పట్టును. పోలికలో చెప్పినచో, ఎవరి తలుపు తట్టెనో వారే అన్నము పెట్టవలెనని పొరుగువారందరు తీర్మానించిరి. వీధి చివరి ఇల్లు గ్రీసుది, ఇటలీది. ఆ ఇంటివారు కొన్నాళ్లు భరించిరి, తరువాత వచ్చినవారిని చూచియు చూడనట్లు లోపలి పెరళ్లకు పోనిచ్చిరి. లోపలి ఇండ్లవారు మాటతప్పితిరని వారిని నిందించిరి. 2011 జనవరిలో స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానము ఒక తీర్పు చెప్పెను. బెల్జియము ఒక ఆఫ్గనును ఈ సూత్రము ప్రకారము గ్రీసునకు త్రిప్పిపంపినది. గ్రీసులో శరణార్థుల నిర్బంధము, జీవనము మానవోచితముగా లేవనియు, అది తెలిసియు పంపిన బెల్జియము కూడ దోషియే యనియు న్యాయస్థానము నిర్ణయించెను. పొరుగువాని ఇంటిలో తిండి లేదని ఎరిగియు అతిథిని అచ్చటికే త్రోసివేయుట తప్పని ఆ తీర్పు భావము.

2015లో పరీక్షాకాలము వచ్చెను. సిరియా యుద్ధము వలనను ఇతర కారణముల వలనను ఆ ఒక్క సంవత్సరమున 10 లక్షలకు పైబడిన జనులు సముద్రము దాటి ఐరోపా చేరిరి. వారిలో 8 లక్షలకు పైగా గ్రీసు తీరమున దిగినవారు. ఆ సెప్టెంబరులో ఇటలీ, గ్రీసుల నుండి 1,60,000 మందిని తక్కిన దేశములు పంచుకొనవలెనని నిర్ణయించిరి. హంగేరి, స్లొవేకియాలు అందుకు సమ్మతింపక న్యాయస్థానమున కెక్కెను. 2017లో వాని వాదము వీగిపోయినను, పంపకము సాగలేదు. ఆ ఏర్పాటు క్రింద తరలింపబడినవారు దాదాపు 35 వేల మంది మాత్రమే. 2016 మార్చిలో టర్కీతో ఒక అవగాహన కుదుర్చుకొని, గ్రీసు దీవులకు అక్రమముగా చేరినవారిని ఆ దేశమునకు త్రిప్పిపంపుటకు, ప్రతిగా శరణార్థుల పోషణకు ధనమిచ్చుటకు ఏర్పాటు చేసిరి. వచ్చువారి సంఖ్య త్వరగా తగ్గినది. తమలో తాము పంచుకొనలేని బాధ్యతను వీధికి ఆవలి వానికి వెలయిచ్చి అప్పగించిరని ఆక్షేపించినవారును కలరు.

అంకెల వెనుక మనుష్యులున్నారు. 2013 అక్టోబరు 3వ తేదీన ఇటలీకి చెందిన లాంపెడూసా దీవి సమీపమున, లిబియా నుండి వచ్చిన ఒక పడవ మునిగి 360 మందికి పైగా మరణించిరి. వారిలో అధికులు ఎరిట్రియా దేశస్థులు. తీరము కనుచూపు మేరలోనే యుండెను. ఆ దుఃఖము చల్లారకముందే ఇటలీ తన నావికాదళముతో రక్షణకార్యము నారంభించి, ఒక్క సంవత్సరమున లక్షకు పైబడిన ప్రాణములను కాపాడినది. ఖర్చు భరింపలేక, తక్కిన దేశముల నుండి తగిన తోడ్పాటు లేక, 2014లో దానిని ముగించినది. అంతర్జాతీయ వలసల సంస్థ 2014 నుండి వేయుచున్న లెక్క ప్రకారము మధ్యధరా సముద్రమున మరణించినవారు, జాడ తెలియకపోయినవారు 30 వేలకు పైబడి యున్నారు. లోపలి ప్రయాణికుడు సరిహద్దు ఎక్కడ దాటెనో గమనింపక నిద్రించుచు పోవు రైలుకును, బయటి మనిషి మునిగిపోవు పడవకును సంబంధము కలదు. లోపలి తలుపులు ఎంతగా తెరచుకొన్నవో, బయటి తలుపు అంతగా బిగుసుకొన్నది. ఈ మూల్యమును చెల్లించువారికి ఆ దేశముల ఎన్నికలలో ఓటు లేదు.

బయటి తలుపుపై నమ్మకము సడలగానే లోపలి దడులు మరల మొలకెత్త సాగెను. 2015 సెప్టెంబరులో జర్మనీ ఆస్ట్రియా సరిహద్దున తనిఖీలు పెట్టినది. తరువాత ఆస్ట్రియా, స్వీడన్, డెన్మార్కు, ఫ్రాన్సు మున్నగు దేశములు అదే దారి పట్టెను. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినపుడు అనేక సరిహద్దులు మూతపడెను. తీవ్రమైన ప్రమాదము కలిగినపుడు తాత్కాలికముగా తనిఖీలు పెట్టుటకు చట్టము అనుమతించును. చిక్కంతయు 'తాత్కాలికము' అను మాటలోనే కలదు. కొన్ని దేశములు ఆరేసి నెలలకు ఒకసారి గడువు పొడిగించుచు ఏండ్లు గడిపినవి. స్లొవేనియా నుండి ఆస్ట్రియాకు వచ్చుచు పాస్‌పోర్టు చూపుటకు నిరాకరించిన ఒక ప్రయాణికునికి 36 యూరోల జరిమానా వేసిరి. అతడు న్యాయస్థానమునకు పోయెను. అదే ప్రమాదమును చూపి ఆరు నెలలకు మించి తనిఖీలు సాగించుట చట్టవిరుద్ధమని 2022 ఏప్రిల్‌లో సమాఖ్య న్యాయస్థానము తీర్పు చెప్పినది. 2024లో చట్టమును సవరించి, కొన్ని షరతులతో ఆ గడువును రెండేండ్ల వరకు, అసాధారణ స్థితిలో మరికొంత కాలము పొడిగించుకొనుటకు వీలు కల్పించిరి.

2024 సెప్టెంబరు 16 నుండి జర్మనీ తన భూసరిహద్దు లన్నింటి యందును తనిఖీలు ఆరంభించినది. ఒడంబడికకు నలుబది ఏండ్లు నిండిన ఉత్సవము 2025 జూన్‌లో షెంగెన్ గ్రామమున జరిగిన నాటికి, నది దాటి జర్మనీకి పోవు దారులలో ఆ తనిఖీలు అమలులోనే యుండెను. లక్సెంబర్గ్‌లో పనిచేయువారిలో దాదాపు సగము మంది, అనగా 2 లక్షలకు పైబడిన జనులు, పొరుగు దేశముల నుండి ప్రతిదినము వచ్చి పోవువారు. ఇల్లు ఒక దేశమున, కచేరి మరియొక దేశమున, పిల్లల బడి ఎచ్చట వీలైన అచ్చట. వంతెనపై కారులు బారులు తీరినపుడు కలుగు నష్టము వారికి ప్రతి సాయంకాలమును తెలియును.

ఈ చిక్కులను విప్పుటకు ఏండ్ల తరబడి వాదించి, 2024 మే నెలలో సమాఖ్య 'వలస, ఆశ్రయముల నూతన ఒడంబడిక' అను పేర కొన్ని చట్టములు ఆమోదించినది. 2026 జూన్‌ను వాని అమలునకు ముహూర్తముగా నిర్ణయించిరి. అనుమతి లేక వచ్చినవారి వివరములను బయటి సరిహద్దుననే ఏడు దినములలో పరిశీలింపవలెను. ఆశ్రయము దొరకు అవకాశము తక్కువగా గలవారి అర్జీలను అచ్చటనే పండ్రెండు వారములలో తేల్చవలెను. భారము పంచుకొనుటకు క్రొత్త లెక్క ఒకటి కలదు. ఏటేట కనీసము 30,000 మందిని తక్కిన దేశములు స్వీకరింపవలెను. స్వీకరింప నొల్లని దేశము మనిషికి 20,000 యూరోల వంతున చెల్లింపవచ్చును, లేదా ఇతర విధముల తోడ్పడవచ్చును. ఇది న్యాయమైన రాజీయని కొందరందురు. సరిహద్దున త్వరితముగా జరుగు విచారణలో నిజమైన శరణార్థి మాట వినబడదేమోనని మానవ హక్కుల సంస్థలు భయపడుచున్నవి. బలవంతముగా తమపై భారము మోపుచున్నారని పోలండు, హంగేరి ప్రభుత్వములు అభ్యంతరము చెప్పినవి.

ఈ కథ నుండి మేము గ్రహించిన సంగతి ఒకటి కలదు. దడి తీయుటకు ఒక నాటి సంతకము చాలినది. దడి లేక బ్రతుకుటకు మాత్రము ప్రతిదినము పొరుగువానిని నమ్మవలసి వచ్చుచున్నది. చివరి ఇంటివాడు కావలి సరిగా కాయునని లోపలివాడు నమ్మవలెను. కావలి కాచునపుడు లోపలివాడు తనను ఒంటరిని చేయడని చివరివాడు నమ్మవలెను. ఈ నమ్మకము చెడిన ప్రతిసారియు ముళ్లకంప మరల పెరటిలోనికి వచ్చినది. నమ్మకము చెడినపుడు మొదటి దెబ్బ తగులునది పోట్లాడుకొను ఇంటివారికి కాదు, తలుపు వెలుపల నిలిచి తట్టుచున్న వానికి.

అందుచేత ఇకమీద ఐరోపా సరిహద్దులను గూర్చిన వార్త విన్నపుడు, శ్రోతలు మూడు సంగతులు విచారించుకొనవలెనని మా మనవి. అది లోపలి సరిహద్దును గూర్చిన వార్తయా, బయటి సరిహద్దును గూర్చినదా? అది దొంగను పట్టుటను గూర్చినదా, శరణార్థిని ఆదరించుటను గూర్చినదా? ఈ రెండింటిని కలిపి మాటలాడుట రాజకీయ వేదికలపై సులభము, కాని వేరుచేసి చూచుట న్యాయము. కడపటిది, దాని ఖర్చు ఎవరిపై పడుచున్నది? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకినచో వార్తలో సగము అర్థమైనట్లే.

మోసెల్ నది వెనుకటివలెనే పారుచున్నది. ఒక ఒడ్డున లక్సెంబర్గ్, మరియొక ఒడ్డున జర్మనీ. ఆ రెండు దేశములు కలిసి సాగిన మేర నదీజలము రెండింటికిని ఉమ్మడి ఆస్తియని అవి పూర్వమే ఒప్పుకొన్నవి. నీటిని పంచుకొనుటకు వారు నేర్చిరి. తలుపు తట్టినవాని భారమును పంచుకొనుట ఇంకను నేర్చుకొనుచున్నారు.